వెనక వచ్చిన కార్డు

నేనొచ్చిన నలభై రెండు రోజులకు
నేను రాసిన కార్డు వచ్చింది.
పోస్ట్‌మన్ కిష్టయ్య గేటు గొళ్ళెం ఆడించి
"స్టాంపు మీద ఈ మీసాల జంతువేందమ్మా,
కాళ్ళు లేవు పాపం" అన్నాడు.

రోహిణి కార్తె. బర్కత్‌పుర గల్లీలో
కూలర్లన్నీ ఒకే గొంతుతో రొప్పుతున్నాయి.
ముట్టుకుంటే చల్లగా ఉంటుందనుకున్నా, వెర్రిదాన్ని.
అతని సంచిలో కాగి
అప్పడంలా వంపు తిరిగింది.

పెన్సిల్ రాత. అక్కడ నా పెన్నులో సిరా గడ్డకట్టింది.
పోస్టాఫీసంటే అదే కిరాణా, అదే బ్యాంకు,
తుపాకీ గుండ్లూ ఉల్లిపాయలూ ఒకే అరలో.
పెన్సిలిచ్చిన పిల్ల పేరు నివి.
నా అడ్రసు చూసి నవ్వాపుకోలేకపోయింది:
ఇంటి నంబరులో మూడు గీతలు, ఒక బై,
బేకరీ ఎదురు సందు,
ట్రాన్స్‌ఫార్మర్ దాటాక రెండో గేటు.
వాళ్ళకు అడ్రసంటే రంగు.
"నాది ఆకుపచ్చిల్లు" అంది.
ఊళ్ళో ఆకుపచ్చనిది ఇంకేం లేదు మరి.

ఆరు రోజులున్నాను.
ఏం చూశావంటే చెప్పడం రాదు.
సముద్రం మీద నడిచాను,
అది సముద్రమని ఎవరూ చెప్పకముందే.
చేపలు ఎండగడుతున్న ముసలాయన
నా చేతులకేసి చూసి
తన చేతి తొడుగులు ఊడదీసి ఇచ్చి
మాట లేకుండా వెళ్ళిపోయాడు.
తిరిగిద్దామని ఊరంతా వెతికాను, నాలుగొందల మంది ఊరు,
దొరకలేదు.
అవిప్పుడు బీరువాలో, పట్టుచీరల కింద,
కలరా ఉండల వాసన పీలుస్తూ.

ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు.
మన యాభయ్యారులో లేని అక్షరం
రెండు చోట్ల ఉందందులో.
"క" అంటే నివి తల అడ్డంగా ఊపింది,
"ఖ" అన్నా ఊపింది.
విమానంలో కూడా
గొంతులో దాన్నే తడుముకుంటూ వచ్చాను.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే
పక్కింటి మునవ్వర్ టీచర్ కార్డు చూస్తానంది.
ముప్పై ఏళ్ళు ఉర్దూ చెప్పిన మనిషి.
కళ్ళజోడు పైకి తోసి, ముద్ర మీది పేరు కూడబలుక్కుని
బావి అడుగున చేద తగిలినట్టు
పలికింది.

"మా బడా ఖాఫ్ కదమ్మా ఇది!
హైదరాబాదులో మేమే మానేశాం.
మా నాన్న పలికేవారు, కోపమొస్తే."

ఇంకోసారి అనండి టీచర్, అన్నాను.
అంది.
కింద నీళ్ళ ట్యాంకర్ హారన్ కొడుతోంది,
బిందెలు ఒకదానికొకటి తగులుతున్నాయి.
మూడోసారి నేనూ అన్నాను.
కొంచెం వచ్చింది.