గూడు

పదకొండు నిమిషాలు.
నలభై అడుగుల ఫ్లెక్సు ఒకటి సేవ్ కావడానికి
నా మిషను తీసుకొనే టైము.
రొయ్యల మేత బస్తా పక్కన
ఇందుకూరుపేట డీలరు నవ్వు
గీత గీతగా తెర మీదికి దిగుతుంటే
చెప్పులేసుకొని
ఎదురుగా భద్రాచారి బల్ల కాడికి పోతాను.
ఆయన తెగిన గొలుసుకి అతుకు పెడతా
తలెత్తకుండానే అడుగుతాడు:
"ఇంకా నవ్వతానే ఉండాడా మీ రొయ్యలాయన?"

ట్రంకు రోడ్డులో పెంచలప్రసాదు
మూడు చీటీలు రాసిచ్చాడు.
ఒకటి, ఉన్న బోర్డు ఉంచుకోవడం,
దానికి పట్టే పెద్ద ప్రాసెసరు పాతది వెతుక్కోవడం.
రెండోది ఏఎం ఫోరు. బోర్డు మారుతుంది,
నా ర్యాములు రెండూ మిగుల్తాయి.
మూడోది ఏఎం ఫైవు. అన్నీ కొత్తవే, ర్యాముతో సహా.
"రేపొచ్చేవి కూడా దీంట్లోనే కూచుంటాయక్కా."

ఎనిమిదో తరందొకటి చవగ్గా ఉంది,
నా పాత బోర్డులో పెడితే? అన్నాను.
నవ్వాడు.
గూడు అదే, చుక్కలూ అవే పదకొండొందల యాభై ఒకటి,
కూచుంటుంది, గడియ కూడా పడుతుంది,
తెర మాత్రం వెలగదంట.
అల్లూరులో ఒకాయన పోయినేడు ఆ పని చేసి
మూడ్రోజులు కరెంటోళ్లని తిట్టాడంట.

రాత్రి పెళ్లికార్డు ప్రూఫు వెనక లెక్కలేశాను.
మూడో చీటీ కింద గీత. మళ్లీ ఇంకో గీత.
రేపొచ్చేవి అనే మాట
నాలిక మీద బెల్లంముక్కలాగా ఉంది.
కింద పొదుపుసంఘం వాయిదా రాసేసరికి
పెన్ను ఆగింది.

భద్రాచారి చీటీలు చదవలేదు.
"ముందు రాయి కొంటావా, గూడు కొంటావా?"
ముక్కుపుడకలకీ కమ్మలకీ
నలభై ఏళ్లుగా గూళ్లు కట్టిన మనిషి.
"మా కాడ రాయిని బట్టి గూడు.
నువ్వేమో గూటిని బట్టి రాయంటుండావు.
సరే, రెండో దాంట్లోకి ఇంకేం రాళ్లొస్తాయి?"
"ఏం రావు మామా. అది ఆఖరు."
"మూడో దాంట్లోకి?"
"వస్తాయంటున్నారు."
"వచ్చినప్పుడు కొంటావా?"

పద్నాలుగేళ్లలో మూడు మిషన్లు వాడాను.
ఏ గూట్లోనూ రెండో రాయి పెట్టింది లేదు.
పోయినప్పుడల్లా
అన్నీ కలిసే పోయాయి.

రెండో చీటీ.

పార్సిలు విప్పితే
మూలన ఒక్క పుల్ల వాలి ఉంది.
పదమూడొందల ముప్ఫయ్యొక్కటిలో ఒక్కటి,
వెంట్రుకంత.
నాకు చెమటలు.
ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని
ఫ్యాను ఆపమన్నాడు,
నన్ను ఊపిరి కూడా ఆపమన్నాడు.
సన్న పట్టకారు ఒకసారి తాకింది,
ఇంకోసారి.
వరసకట్టిన నారులో
ఒంగిన మొక్క లేచి నిలబడింది.
"కూలెంత మామా?"
"ముక్కుపుడకకి తీసుకొనేదే."

మూలనున్న పసుపు త్రికోణం
బోర్డు మీది త్రికోణానికి ఎదురు పెట్టి వదిలాను.
నొక్కకముందే దిగింది.

పాత ప్రాసెసరు ఆయన అడిగి తీసుకున్నాడు.
గీటురాయి మీద గీసి, వెలుతురుకి పట్టి, 
"మెరుపేగానీ సరుకు లేదు" అని
సొరుగులో మాత్రం భద్రంగా వేసుకున్నాడు.

నిన్న ఇందుకూరుపేట డీలరు మళ్లీ వచ్చాడు,
ఈసారి యాభై అడుగులు.
సేవ్ నొక్కి చెప్పులు వెతుక్కున్నాను.
రెండో చెప్పు దొరికేలోపు
అయిపోయింది.

తెర ముందు కాసేపు ఒంటికాలి చెప్పుతో నిలబడి
తర్వాత రోడ్డు దాటాను.

భద్రాచారి అతుకు ఆపి తలెత్తాడు.
"ఏందిమే, అప్పుడే పాడైందా?"