మెట్లు ఇటు

ఈ ఇల్లు బడి దగ్గరని కొన్నాం.
పెరట్లో నీళ్ళు అడక్కుండానే వచ్చాయి,
నలభై వేల లీటర్లు, చిక్కుడు గింజ ఆకారంలో.
మా ఇద్దరికీ ఈత రాదు.

మొదటి జనవరి. అడిలైడ్ నలభై మూడు డిగ్రీలు దాటిన వారం.
రోజుకు చిటికెనవేలి మందం చొప్పున నీళ్ళు దిగిపోతుంటే
ఎక్కడ కారుతోందోనని మురహరి పైపులన్నీ తడిమాడు.
"కారడం లేదు, ఎండ తాగుతోంది" అన్నాడు పూల్ షాపు స్పిరో,
"మూత ఏదీ?"

ఉంది. షెడ్డులో, పాతవాళ్ళు వదిలేసి పోయిన నీలం దుప్పటి,
ఒక పక్క నున్నగా, ఒక పక్క ఒళ్ళంతా బుడగలు.
చెమటలు కక్కుతూ పరిచాం.
కంచె మీంచి గ్లెనిస్ మొహం లేచింది:
"తిరగేశారు! బుడగలు నీళ్ళ వైపు ఉండాలి."

తిప్పుతుంటే అంచున కనబడింది,
నల్ల మార్కరుతో, సగం వెలిసిన ఇంగ్లీషులో:
మెట్లు ఇటు, నార్మన్. ఇటు!

నార్మన్ ఎవరో.
ఎన్ని పొద్దులు తప్పు కొస పట్టుకు లాగాడో.
ఆ రెండో "ఇటు" కింద గీత
బుడగలు చిట్లేంత గట్టిగా ఉంది.

తర్వాత తెలిసింది మూతకీ మూత కావాలని.
తీసి చుట్టి ఎండలో వదిలేస్తే
దాని వేడికి అదే ఉడికి పొరలు విడిపోతుందట.
పాత తెల్ల దుప్పటొకటి దాని మీద కప్పాను.
దుప్పటికి దుప్పటేమిటని మా అమ్మ ఫోనులో
దగ్గొచ్చేదాకా నవ్వింది.

మందు వేసిన రోజు కప్పకూడదు, ఆ ఘాటు పైకి పోవాలి.
వడగాలి రాత్రుల్లో తీసి ఉంచాలి,
లేదంటే పొద్దునకి చారు.
ఇక్కడ వైశాఖంలో ఆకులు రాలతాయి.
గ్లెనిస్ మేపుల్ చెట్టంతా మా నీళ్ళలోకే;
దానికి వేరే వల, అంచులకి నీళ్ళ సంచుల బరువు.
ఆషాఢంలో చేతులు కొంకర్లు పోతుంటే
మూత మీద నిలిచిన వాన నీళ్ళని మగ్గుతో తోడతాను.
ఒకసారి రెండు నల్ల బాతులు ఆ జానెడు మడుగులో దిగి,
అడుగున అంత చెరువుందని తెలియక,
మధ్యాహ్నం దాకా కాపురం చేశాయి.

పిల్లకి మాత్రం ఒకటే మాట, ఏ కాలంలోనైనా:
అది నేల కాదు. నేలలా పడుకున్న నీళ్ళు.
గేటు గడియ రెండుసార్లు చూసుకుంటాను,
గ్యాస్ కట్టేశానా అని చూసినట్టు.

ఆరో ఏడు బుడగలు పిండిలా రాలడం మొదలెట్టాయి.
ఫిల్టరు నిండా నీలం పొట్టు.
స్పిరో నాలుగొందల మైక్రాన్లు చాలన్నాడు,
మురహరి ఐదొందలకి పట్టుబట్టాడు,
చీరల కొట్లో నన్ను తొందరపెట్టే మనిషి
గంటన్నర పాటు ప్లాస్టిక్కు ముక్కలు వేళ్ళతో నలిపి చూశాడు.

కొత్తదాన్ని రెండు రోజులు నీళ్ళ మీదే వదిలేశాం, ముడతలు పోవాలని.
మూడో పొద్దున కత్తెర నాది.
రవిక గుడ్డలో చంక తిప్పినట్టు
ఆ చిక్కుడు వంపు తిప్పాను. కాస్త కుట్టుకి వదిలి,
కుట్టు లేకపోయినా.

పాతది ముక్కలు చేసి బిన్నులో వేశాను.
ఆ అంచు ముక్క ఎందుకో వేయలేకపోయాను.
గ్లెనిస్‌కి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివి,
"తను వెళ్ళిపోయాక కూడా ఆయన అటే లాగేవాడు" అంది.
ఇంకేం చెప్పలేదు. నిమ్మకాయలు నాలుగు కోసిచ్చింది.

మార్కరు తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను.
చెయ్యి దానంతటది తెలుగులో రాసింది:
మెట్లు ఇటు.
బుడగల మధ్య సున్నాలూ కొమ్ములూ,
ఏది రాతో ఏది గాలో పోల్చుకోవడం కష్టమే.
మా తర్వాత కొనేవాళ్ళు ఏమనుకుంటారో.

మురహరి లుంగీ ఎగ్గట్టి వచ్చాడు,
మూడు మెట్ల దాకా దిగుతాడు ఇప్పుడు, నాలుగోది ఇంకా లేదు.
వచ్చి, వంగి, రెండు చేతులా
అటు కొస పట్టుకున్నాడు.