అంచున రాసినవి

నా పుస్తకంలో అల్బానోకి నాలుగు గడులున్నాయి:
బరువు, బీపీ, గాయం, రక్తం పలచన.
జుల్మీరాకి గడి లేదు.
ఆమె సంగతులు పేజీ అంచున, పెన్సిల్‌తో.

అవేరో ఊరి చివర, ఉప్పుమడుల గట్టు మీద ఇల్లు.
నలభై మూడేళ్లు సముద్రాన్ని మడుల్లోకి మళ్లించి
ఎండకి అప్పగించి
తెల్లటి కుప్పలు పోసిన మనిషి.
కోయింబ్రాలో డాక్టర్లు రొమ్ము ఎముక కోసి
లోహపు కవాటం ఒకటి కుట్టి
చేతికో కాగితమిచ్చి పంపారు.
అందులో మొదటి మాట: ఉప్పు తగ్గించాలి.

చదివి వినిపిస్తే నవ్వబోయాడు.
నవ్వు కుట్ల దగ్గర ఆగిపోయింది.
"దిండు," అన్నాను. "నవ్వొచ్చినా దగ్గొచ్చినా
ముందు దిండుని గట్టిగా హత్తుకో."
జుల్మీరా పరుగున తెచ్చింది.
ఆ వారమంతా ఆమె నడవడం నేను చూడలేదు.

చెప్పాల్సినవి చెప్పాను.
నీళ్లు నిండిన బిందెడు కాదు, పెద్ద కుండెడు సూపైనా ఎత్తొద్దు.
పొద్దున్నే, కాఫీకి ముందు, తూకం.
రెండ్రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నాకు ఫోను.
ఆకుకూర సూపు మానక్కర్లేదు,
ఏ వారమైనా అదే కొలత.
ఏడుస్తాడు.
మడుల మీద అకాల వాన పడితే ఏడుస్తాడు,
ఫుట్‌బాల్ ఓడితే ఏడుస్తాడు, ఏమీ లేకపోయినా.
కొన్నాళ్లుంటుంది. భయపడకు.
తగ్గకపోతే అదీ నాకు చెప్పు.

అన్నీ రాసుకుంది, చేపలకొట్టు రసీదు వెనక.
రాసుకుని అడిగింది:
"మరి ఆ చప్పుడు?"

చప్పుడుంది.
కవాటం మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది,
చేతిగడియారాన్ని పిండిడబ్బాలో పడేసినట్టు.
పగలు ఫ్రిజ్ మోతలో, నీటికాకుల గోలలో కలిసిపోతుంది.
దీపమార్పాక
ఇల్లంతటికీ అదొక్కటే.

"లెక్కపెడుతున్నాను," అంది.
"ఎందాకా?"
"తెల్లారేదాకా. నేనాపితే
అదీ ఆగుతుందేమోనని."

ఇలాంటప్పుడేం చెప్పాలో
శిక్షణలో నేర్పారేమో అని వెతుక్కున్నాను. నేర్పలేదు.
స్టెతస్కోపు తీసి ఆమె చెవులకి పెట్టాను,
బిళ్ల అతని రొమ్ము మీద, గాయానికి పక్కగా.
"విను. నువ్వు కాపలా కాయకపోయినా ఇది పనిచేస్తుంది."
చాలాసేపు వింది.
అతను సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు.

తర్వాత బిళ్లని ఆమె గుండెకే ఆనించాను.
"మరి దీన్నెవరు లెక్కపెడుతున్నారు?"
బదులు చెప్పలేదు.
పొయ్యి ఆర్పాలంటూ వంటింట్లోకి వెళ్లింది.
పొయ్యి వెలిగించే లేదు.

అంచున రాశాను: ఐదు రాత్రులు నిద్ర లేదు.
ఆడపడుచు గ్రసిందాకి నేనే ఫోను చేశాను.
మంగళవారం, శుక్రవారం ఆమె కాపలా.
జుల్మీరాకి వెనకగది, తలుపు మూసి.

శనివారం వెళ్లాను.
"నిద్రపట్టిందా?"
"లేదు."
"అక్కడికీ వినపడిందా?"
"వినపడలేదు. అందుకే."
ముందుగదిలో గ్రసిందా మాత్రం
కాపలా కుర్చీలోనే హాయిగా గుర్రుపెట్టిందట.
అల్బానో దిండు హత్తుకుని మరీ చెప్పాడు.

తలుపు కాస్త తెరిచి పడుకోమన్నాను.
ఎంత తెరవాలో కొలిచి చెప్పే కాగితం
ఏ ఆసుపత్రీ ఇవ్వదు.
జానెడు, అని తేల్చుకుంది ఆమె, మూడో వారానికి.

ఆరో వారం.
గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచొచ్చాడు.
అతని మడిలో పక్కింటి కుర్రాడు ఉప్పు లాగుతున్నాడు,
తప్పుగా లాగుతున్నాడు,
అరవకుండా నిలబడ్డమే ఆ రోజుటి వ్యాయామం.
వంగకుండా, మోకాళ్ల మీద కూర్చుని
మడి అంచున ఒక్క పలుకు తీసి
నాలుక మీద పెట్టుకున్నాడు.
నేను పుస్తకంలో ఏదో రాస్తున్నాను.
జుల్మీరా అతన్ని చూసింది, నన్ను చూసింది,
దూరంగా పోయే పడవని చూసింది.

వెళ్లేటప్పుడు నాలుగు కిలోల సంచీ నా కారులో పెట్టింది.
అతన్ని ముట్టుకోనివ్వలేదు.
"మా ఇంట్లో చెల్లదుగా. మీరు తినండి."
ఇక నేనా ఇంటి ఉప్పు తిన్నదాన్ని.

గడుల్లో: బరువు నిలకడ. గాయం మానింది.
అంచున: గేటు దాకా వచ్చింది.
నడిచి.