పొలుసు

వెలుగుపెట్టె మీద నా కాలు.
ఎముక పక్కన ఇంకో తెల్లగీత, వంకరగా.
"నరమే," అంది డాక్టరమ్మ. "గోడలకి సున్నం పట్టింది."

నవ్వొచ్చింది నాకు.
షిప్‌యార్డులో ఇరవయ్యారేళ్లు
బాయిలర్ గొట్టాల పొలుసు గీకినవాణ్ణి.
సుత్తితో ఒక్కసారి తట్టి
లోపలి మందం చెప్పేసేవాణ్ణి.

ఇప్పుడు కేజీహెచ్‌లో కిటికీ పక్క మంచం,
మంగళ, గురు, శనివారాలు.
నెత్తురు బయటికెళ్లి కడుక్కుని వస్తుంది గానీ
భాస్వరం ఖాళీ చెయ్యని అద్దెమనిషి.
ఎముకల్లో సున్నం తవ్వుకెళ్లి
నరాలకి వెల్ల వేస్తోంది.

ముద్దకీ ముద్దకీ మధ్య మాత్ర నమలాలి.
ఎండునెత్తళ్లు మానేసి పదకొండు నెలలు.
నూకరత్నం హార్బర్ నుంచి వచ్చాక
చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుంటుంది
నాకు వాసన తగలకూడదని.
తగులుతుంది.

రాత్రి దురద.
నిద్రమత్తులోనే తను వీపు గోకుతుంటే
కొత్త కుర్రాళ్లతో అనే పాతమాట
నా నోట్లోంచి జారింది:
"మెల్లగా గీకు, గొట్టం సిల్లడిపోద్ది."
ఆ చెయ్యి ఆగిపోయింది.

తెల్లారగట్ల మణికట్టు చెవికి ఆనించుకున్నాను.
ఫిస్టులా గుయ్‌మంటోంది,
రేవులో టగ్గు ఇంజను లాగ.
మందమెంతో చెప్పలేను.
పారుతోంది. అంతవరకే.