రసీదు నంబరు 212

బెర్గెన్ రేవులో నా మడత కుర్చీ లాగేసుకున్నారు.
గాలికి ఎగిరిపోతుందట.
చేతిలో ఒక రసీదు పెట్టారు.
ముప్పై ఏళ్లు ట్రాము నడిపిన ఈ నడుముకి
ఆ గుడ్డ వంపు ఒక్కటే తెలుసు.

బాల్కనీలో ఓడవాళ్ల కుర్చీలు రెండు.
కూర్చుంటే గోడకుర్చీ వేసినట్టే.
పైగా కమ్మీ సరిగ్గా కళ్లకడ్డం:
డబ్బు పోసి కొన్న సముద్రం
రెండు ముక్కలు.

నేలమీద బొంత పరిచాను.
రోడెల్ తలుపు తట్టాడు.
"పక్కబట్టలు బయట వేయకూడదు, గున్‌వోర్ గారూ."
"మరి నా కుర్చీ ఏదయ్యా?"
"కింద, కిటికీ లేని చీపుళ్ల గదిలో.
రాత్రి డ్యూటీ దిగాక..."
నాలుక కరుచుకున్నాడు.

"వంపు బాగుందా?"

బొంత మడతపెడుతూ, నా వైపు చూడకుండా,
"ఎడమ మర వదులైందండీ.
బిగించాను."