పిండి కొద్దీ

పోస్టాఫీసు ఒడెట్ గడపలోనే నిలబడి అడిగింది:
"జుల్మీరా, మొక్కజొన్న మావాడికి పడుతుందా?"

నవ్వొచ్చింది నాకు.
మిన్యో కొండల్లో అడగాల్సిన మాటేనా అది!
వాగు పల్లానికే పోతుందా
అని అడిగినట్టు.

పడక ఏం చేస్తుంది, అన్నాను.
డాక్టరు వద్దన్నది గోధుమ, బార్లీ, గోధుమకు చుట్టమైన రై.
మొక్కజొన్నది ఆ ఇంటిపేరే కాదు.
"దాన్లోనూ గ్లూటెన్ అని ఏదో ఉందంటారే?"
పేరొక్కటే ఒడెట్,
చచ్చిపోయిన మా ఆయన అడెరితో,
పాత బిషప్పుగారూ అడెరితో.
ఇద్దరూ ఒకటేనా?

ఆమె కూడా నవ్వింది.
రెండు కిలోలు పచ్చటి పిండి తూచి
పైన గుప్పెడు కొసరు వేశాను.

తెల్మోకి తొమ్మిదేళ్ళు.
ముందు మోకాళ్ళు వస్తాయి,
వాటి వెనక వాడు వస్తాడు.
నెల తిరక్కుండానే మళ్ళీ కడుపు పట్టుకుని
ఫుట్‌బాల్ గీత మీదే కూలబడ్డాడట.

ఆ రాత్రి తూము మూసేశాను.
చక్రం ఆగింది. కప్పలు మొదలుపెట్టాయి.
గడ్డపార వేసి పై రాయి ఎత్తి
లాంతరు దించి చూశాను.

మంగళవారం రై.
బుధవారం మొక్కజొన్న.
ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే రాయి.
కక్కు సందుల్లో బూడిద రంగు పిండి
పంటి గారలా పట్టుకుని ఉంది.
గోటితో గీకాను. సూదితో గీకాను.
చీపురు, బ్రష్షు, చివరికి ఊది ఊది
నా కళ్ళలోనే పడింది.
ఆ కొసరు వేసిన చెయ్యి
పొద్దున్నే రై మూటలు విప్పిన చెయ్యే కదా.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది.
మా బ్రొవా రొట్టెను మొక్కజొన్న రొట్టె అంటాం,
పొంగడానికి గుప్పెడు రై కలుపుతాం.
మా అత్త కలిపింది, నేను కలిపాను.
ఎవరూ దాన్ని లెక్కలో వేయరు.
తెల్మో కడుపు లెక్కేసింది.

తెల్లారి పోస్టాఫీసుకి వెళ్ళాను.
గింజది తప్పు కాదు ఒడెట్, అన్నాను,
నాది.
ఆమె ఏమీ అనలేదు.
ఒక కవరు మీద స్టాంపు అతికించింది,
అతికిన దాన్నే మళ్ళీ మళ్ళీ అదిమింది.

బ్రాగా నుంచి చేతి మర తెప్పించాను,
అట్టపెట్టె సీలు వాళ్ళింట్లోనే విప్పాం.
గింజలు బల్ల మీద పోసి ఏరాం,
ముగ్గురం, ఆదివారమంతా.
నాకు రెండు రై గింజలు దొరికాయి.
తెల్మోకి ఐదు.
వాడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టి
ఖైదీలు అన్నాడు.

పిండి కొద్దీ రొట్టె.
రై లేని బ్రొవా పొంగలేదు,
నడుం మీద నెర్రెలిచ్చి కూర్చుంది.
కొత్త ఇనప గిన్నె అడుగున పరిచిన క్యాబేజీ ఆకు
ఈనెలన్నీ రొట్టెకి అచ్చుపోసి మాడిపోయింది.

వాడు రొట్టె తిరగేసి వేలుతో గీసుకుంటూ పోయాడు:
ఇది వాగు. ఇది బడికెళ్ళే దారి.
ఇదిగో ఇక్కడ, ఈ మలుపులో, నీ మర.
అని నా మర ఉన్న ముక్క తుంచి
జాగ్రత్తగా నా పళ్ళెంలో పెట్టాడు.
మిగతాది తినేశాడు.

మార్చిలో రక్తపరీక్ష.
శుక్రవారం శుక్రవారం ఒడెట్‌ని అడుగుతున్నాను,
పడిందా?
ఇప్పటికి, అంటుంది.

మరకి ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి
అదే ప్రశ్న అడిగితే
ఇప్పుడు నవ్వు రాదు.
మొక్కజొన్న మంచిదే, అంటాను,
నా దగ్గర మాత్రం కొనకండి.
మంగళవారం బేరాలు కొన్ని పోతున్నాయి.
పోనీ.
రాయి ఇంకా ఎత్తే ఉంచాను,
కింద రాయి మీద పిల్లి పడుకుంటోంది.