లెక్కకు రాని నాలుగు గుడ్లు

కోడిగుడ్ల ట్రేలకూ బాలామృతం సంచులకూ నడుమ
ఆటోల ఎగురుకుంట వచ్చిందా బొమ్మల పుస్తకం.
దేవరకొండకు ఇవతల, బత్తాయి తోటలెండిన కాడ
మా అంగన్‌వాడీ. ఒకటే అర్ర, పదహారు మంది.

మొదటి పేజీల జీనువాయి ఆకులు కుడుతది.
"సూదేది టీచర్?"
ముక్కే సూది బిడ్డా.
రెండో పేజీల పసులపోలిగాడు
గద్ద లెక్క కూసి, తక్కిన పిట్టలను బెదరగొట్టి
పురుగును గుంజుకపోతడు.
ఆ పగలే మా దాంట్ల ఒకడు గద్ద కూత కూసి
పక్కదాని పల్లీపట్టి ఎత్తుకపోయిండు.
పుస్తకంల తెలివి ఇంత జల్ది ఒంటబడుతదనుకోలె.

మూడో పేజీ ఒట్టి రాళ్ళు.
బూడిద రంగు, మట్టి రంగు, ఇంత మొరం.
పిట్టను ఎయ్య మరిచిన్రేమో అనుకొని
"ఇది మన చెలక" అని చెప్పి
రెండేండ్లు తిప్పేసిన.

బీరేశు మాట్లాడడు.
ఆదివారమొస్తే తాత వెంట గొర్లకాడ ఉంటడు.
'అ' రాయమంటే సగం సున్న చుట్టి ఆగుతడు.
రిజిస్టర్‌ల వాని గడిల "వెనుకబడి" అని ఉంది,
నా చేతిరాతే.

ఆ పొద్దు పేజీ తిప్పబోతుంటే
నా మణికట్టు పట్టుకున్నడు.
రాళ్ళల్ల ఒక వేలు. ఇంకో వేలు.
రెండో చేతివి మరో రెండు.
ఊపిరి బిగబట్టి అన్నడు: "తొక్కుతవ్."

అప్పుడు అగుపడ్డయి.
మచ్చల గుడ్లు, మొనలన్నీ లోపటికి, నాలుగు.
రోజూ పదహారు గుడ్లు లెక్కబెట్టి
సంతకం పెట్టేదాన్ని నేను.

"తీతువ," అన్నడు.
పొయ్యికాడ ఆయా లచ్చుమమ్మ చెవులు మూసుకుంది:
"దాని పేరు తియ్యకురా, చావు కబురు తెస్తది!"
"చావు కాదు. గుడ్లున్నయ్, ఇటు రాకుమంటది."
అంతే. మళ్ళ పదిరోజులు నోరు తెరవలె.

రిజిస్టర్‌ల గీత కొట్టి కొత్తగ రాద్దామంటే
గడి చిన్నగ ఉంది.

మాపటీలి, బస్సుకని అడ్డం బడి పోతున్న.
చెలకంత ప్లాట్లయి, తెల్లసున్నం హద్దురాళ్ళు.
కాళ్ళ ముందట ఒక్కపారి అరుపు!
పసుపు కాళ్ళ పిట్ట దబ్బున కూలి
విరిగిన రెక్కను మట్టిల ఈడ్చుకుంట పోతున్నది.

నాకు తెలుసు. మూడో పేజీ వెనుక రాసే ఉంది.
అయినా అడుగు మల్పి దాని వెంట నడిచిన,
"అయ్యో, పాపం" అని దానికి ఇనబడేటట్టు అనుకుంట.
పది గజాలు కుంటింది, చూసింది,
ఇంకో పది గజాలు.
రోడ్డు మీద బస్సు ఆగి, హారన్ కొట్టి, పోయింది.

ఆఖరుకు రెక్క బాగై అది లేచి ఎగిరినంక గూడ
నేనింకా కొంతసేపు
కుంటి పిట్టను వెతుకుతున్నట్టే
నేల చూసుకుంట తిరిగిన.